కన్నతల్లిని అక్క అన్న పిల్ల

మాస్కోలో ఆరేళ్ళుగా తొమ్మిదంతస్తుల మెట్లు కడుగుతున్న బేగాయిమ్, కూతురు సెజిమ్ కోసం అక్కడి బడి మెట్లెక్కడం మూడోసారి. మొదటిసారి కాగితంలో ముద్ర లేదన్నారు. రెండోసారి తర్జుమా బాగోలేదన్నారు. కొత్త చట్టం మరి! పరాయి దేశపు పిల్లలకి ముందు కాగితాలు కుదరాలి, తర్వాత రష్యన్ పరీక్ష, ఆ తర్వాతే బడి గుమ్మం. పిల్లకి ఎనిమిదో ఏడు నడుస్తోంది, ఇంకా అక్షరం ముక్క రాదు.

అయినా బేగాయిమ్ పట్టు వదల్లేదు. పై అంతస్తు ముసలావిడ వాలెంటీనా కాళ్ళావేళ్ళా పడి వేసవంతా పిల్లకి రష్యన్ మాటలు నేర్పించింది. పిల్ల గడుసుది, గలగలా మాట్లాడేస్తోంది. ఈసారి ఎవరాపుతారో చూస్తానంది బేగాయిమ్. అయ్యో, దాని ధీమా!

మా కిర్గీజుల్లో తొలిచూలు బిడ్డ నానమ్మ సొత్తు. పెంచిన ఆవిడే అమ్మ, కన్నది అక్క. నిరుడు నానమ్మ పోయేదాకా సెజిమ్ మా దేశంలోని నారిన్ కొండల్లో ఆవిడ ఒళ్ళోనే పెరిగింది. ఇక్కడికి తెచ్చుకున్నాక కూడా అమ్మా అని పిలిపించుకోవడానికి బేగాయిమ్‌కి మనసొప్పలేదు. పోయిన అత్తగారి చోటు లాక్కున్నట్టుంటుందని దాని బాధ.

ఈసారి కాగితాలు కుదిరాయి. పరీక్ష పెట్టే పంతులమ్మ పిల్లని నవ్వుతూనే అడిగింది, ఎవరితో వచ్చావని.

"మా అక్కతో," అంది సెజిమ్ చక్కటి రష్యన్‌లో.

మరి మీ అమ్మేదని అడిగింది.

"మా అమ్మ చనిపోయింది. కొండ మీద పాతిపెట్టాం."

పంతులమ్మ మొహంలో నవ్వు పోయింది. బేగాయిమ్‌ని లోపలికి పిలిచింది. బేగాయిమ్ పుట్టిన పత్రం చూపించింది, ఆచారం చెప్పుకుంది, నేనే కన్నానమ్మా అని ఏడ్చింది. గోడకి చెప్పుకున్నా ఒకటే. ఇవి దొంగ కాగితాలేమో పోలీసులే తేల్చాలి, అందాకా పిల్లని చేర్చుకునేది లేదంది పంతులమ్మ. అది తేలేలోపు బేగాయిమ్ ఈ దేశంలో ఉండే గడువే తీరిపోతుంది.

"చెప్పవే తల్లీ, నేను మీ అమ్మనని చెప్పు," అంటూ కూతురి భుజాలు పట్టుకుంది.

సెజిమ్ బెదిరిపోయింది. "ఈవిడ మా అమ్మ," అంది.

"ఇప్పుడు నేర్పించారుగా," అంది పంతులమ్మ, కాగితాలు సర్దుతూ.

బయటికొచ్చి బేగాయిమ్ గేటు పట్టుకుని నిలబడిపోయింది. పిల్ల వచ్చి చెయ్యి పట్టి లాగింది.

"అక్కా, నేనేమైనా తప్పు మాట్లాడానా?"

"లేదే. ఒక్క మాట కూడా తప్పు లేదు."

"అయితే రేపట్నుంచి బడికేగా?"