దేవకన్యల హాజరు

మా మామయ్య దేవకన్యలకు రోజూ హాజరు వేసేవాడు. సినిమా స్టూడియోలో నటుల్ని గాల్లోకి లేపడం ఆయన ఉద్యోగం. పైన ఇనుప దూలానికి కప్పీలు, నటుడి నడుముకి బెల్టు, కింద తాడు పట్టుకుని మామయ్య. ఇంత బాహాటంగా కనబడుతున్నా, లేపేది తను కాదనీ, మనిషికి ఇద్దరు చొప్పున దేవకన్యలు వచ్చి చెరో చంక కింద చెయ్యివేసి మోస్తారనీ ఆయన వాదన. "మరి తాడెందుకు మామయ్యా?" అని అడిగితే, "వాళ్ళు దారి తప్పకుండా" అనేవాడు.

నేను అక్కడే దుస్తుల గదిలో రెక్కలు కుట్టేవాణ్ణి కాబట్టి ఈ తతంగమంతా కళ్ళారా చూసేవాణ్ణి. అప్పట్లో మా షెడ్డులో పిల్లల సినిమా ఒకటి తీస్తున్నారు. నమ్మిన పిల్లలకి దేవకన్యలు కనిపిస్తారు, పెద్దవాళ్ళకి కనిపించరు, అదీ కథ. ఎగిరే వేషాలన్నీ పిల్లలవే. మామయ్య ఒక్కొక్కరి ముందూ గొంతుక్కూర్చుని, బెల్టు బిగిస్తూ, గాలితో మాటలు మొదలుపెట్టేవాడు.

"ఎడమపక్క ఎవరమ్మా ఇవాళ? నువ్వా. నిన్న ఏమైపోయావు? చెల్లెలి పెళ్ళా? మొన్నేగా చేశారు, మీ ఇంట్లో ఎంతమందే చెల్లెళ్ళు? సరే, నిలబడు. కుడిపక్కావిడ ఏది?"

కాసేపు చెవి ఒగ్గి విని, లేచి నిలబడి తీర్పు చెప్పేవాడు. "రాలేదటండీ. రెక్కలు ఉతికి ఆరేసుకుందట, ఇంకా తడి ఆరలేదట." అంతే, ఆ పూట ఆ పిల్లకి ఎగరడం లేదు. డైరెక్టరు ఎంత గింజుకున్నా మామయ్య తాడు ముట్టుకునేవాడు కాదు.

ఆ దేవకన్యలంత సెలవులు పెట్టే సిబ్బంది ప్రపంచంలో ఇంకెక్కడా ఉండరు. ఒకావిడకి చెవిపోటు. ఒకావిడ పక్కావిడతో మాటల్లేక అలిగి కూర్చుంది. ఇంకొకావిడకి పైకి వెళ్తే కళ్ళు తిరుగుతాయట.

"దేవకన్యకి కళ్ళు తిరగడమేంటి మావా?" అన్నాడు లైట్లు వేసే అతను.

"నీకు షాకు కొట్టదా?" అన్నాడు మామయ్య.

ఇంట్లో మా అత్తయ్య బాధ వేరు. "అటక మీద గిన్నె తీసిపెట్టమని పొద్దున్నించీ మొత్తుకుంటున్నాను. కుడిపక్కావిడ రాలేదంటాడు మీ మామయ్య. ఆ కుడిపక్కావిడ వచ్చినప్పుడు వంట కూడా ఆవిడనే చేసి పెట్టమను."

అలా సాగిపోతుండగా పాత డైరెక్టరు విసిగి వెళ్ళిపోయి కొత్తాయన వచ్చారు. ప్రతి మాటకీ గడియారం చూసుకునేవారు కాబట్టి మేమంతా చాటున గడియారంగారు అనేవాళ్ళం. వచ్చిన రోజే హాజరు కంటబడింది.

"ఇకమీదట ఈ షెడ్డులో మనుషులకే హాజరు" అన్నారు.

మామయ్య "చిత్తం" అన్నాడు.

మర్నాడు బొంగరం ఎగరాలి. ఒక్కచోట నిలవదని ఆ పిల్లకి మేం పెట్టుకున్న పేరది. ముందుపళ్ళు ఊడిపోయాయి. సినిమాలో చిన్న దేవకన్య వేషం వేస్తోంది. ఆ వేషమంటే దానికి ప్రాణం. నిద్రలో కూడా డైలాగులు చెబుతోందని వాళ్ళమ్మమ్మ మురిసిపోయేది. అలాంటిది, కిటికీలోంచి చెట్టు మీదికి ఎగరాల్సిన సమయానికి స్తంభాన్ని కావలించుకుని వదల్లేదు.

"హాజరు వెయ్యలేదుగా. నన్నెవరు పట్టుకుంటారు?"

"తాడుందిగా పాపా" అన్నారు గడియారంగారు.

"తాడుకి చేతులుండవు."

ఆయన గడియారం చూసుకున్నారు. "సాయంత్రంలోగా ఎగరకపోతే వేషం ఇంకో పిల్లకిచ్చేస్తాను." అమ్మమ్మ మొహం పాలిపోయింది. బొంగరం ఏడవలేదు గానీ కింది పెదవి బయటికొచ్చేసింది.

"పోనీ ఒక్కసారి హాజరు వెయ్యమంటారా?" అన్నాడు మామయ్య.

"వద్దు. దేవకన్యలూ లేరు, గీవకన్యలూ లేరు. ఇందులో భయపడ్డానికేముంది అసలు?"

"అయితే ముందు మీరు ఎగరండి అంకుల్" అంది బొంగరం.

లైట్లతను నవ్వు దాచుకుంటూ గోడవైపు తిరిగాడు. ఇంతమంది ముందు పరువు సమస్య కదా, గడియారంగారు "బెల్టు తెండి" అన్నారు. ఆయన నడుముకి సరిపడే బెల్టు ఒక్కటే ఉంది, అదీ ఏదో పాత సినిమాలోది, దానికి నేను కుట్టిన గులాబీరంగు రెక్కలున్నాయి. విప్పాలంటే చాలా టైము పడుతుందన్నాను. టైము అనేసరికి ఆయన మారుమాట్లాడకుండా తొడుక్కున్నారు.

మామయ్య ఆయన ముందు గొంతుక్కూర్చుని బెల్టు బిగించాడు. అలవాటు కొద్దీ నోరు ఊరుకోలేదు. "కుడిపక్క ఎవరమ్మా?" అన్నాడు. వద్దన్న మనిషే, గడియారంగారు కుడివైపు చూశారు.

మామయ్య లేచి చేతులు కట్టుకున్నాడు. "క్షమించాలండి. కుడిపక్కావిడ రాలేదు. మిమ్మల్ని లేపడం కుదరదు."

"రాలేదా? చెప్పాపెట్టకుండా మానేస్తే ఎలా?" అని గడియారంగారు ఆవిడ మీద మండిపడ్డారు. ఆయన మొహంలోకి మళ్ళీ నెత్తురొచ్చింది.

అప్పుడు గమనించాను. మామయ్య మాటలు గాలితోనే, చూపు మాత్రం ఆయన మోకాళ్ళ మీద. ఆ మోకాళ్ళు ప్యాంటులో గడగడ వణుకుతున్నాయి. రెక్కలు ఆరని రోజూ, కళ్ళు తిరిగిన రోజూ ఎదురుగా ఏ పిల్ల నిలబడిందో ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఇన్నాళ్ళలో ఏ పిల్లా భయపడిందని తిట్లు తినలేదు. ఆ తిట్లన్నీ లేని దేవకన్యలూ, ఉన్న మామయ్యా పంచుకున్నారు. ఆ మనిషిని వాటేసుకోవాలనిపించింది.

మోకాళ్ళ ఎత్తులో ఉంది కాబట్టి బొంగరం కూడా చూసేసింది. స్తంభం వదిలి వచ్చి గడియారంగారి వేలు పట్టుకుంది. "పర్లేదంకుల్, నాకూ ఇలాగే అవుతుంది. మీ ఆవిడ రేపొస్తుందిలెండి." గడియారంగారు మామయ్యవైపు తిరిగారు. "ఈ పిల్లకి హాజరు వెయ్యండి. ఇద్దరూ వచ్చారో లేదో బాగా కనుక్కోండి."

మామయ్య తాపీగా కనుక్కున్నాడు. కుశలప్రశ్నలు, చెల్లెలి కాపురం సంగతులు, అన్నీ అయ్యాయి. బొంగరం మోకాళ్ళు కుదురుకునేదాకా అయ్యాయి. అప్పుడు తాడందుకున్నాడు. పిల్ల బోసినవ్వుతో కిటికీ దాటి, కొమ్మ దాటి, పైనున్న రేకుల దాకా వెళ్ళింది. మొదటిసారికే షాటు ఓకే.

ఆ సంబరంలో గడియారంగారు రెక్కలు విప్పడం మర్చిపోయారు. వాటితోనే సాయంత్రం దాకా అందరినీ కేకలేశారు. గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇంటికి వెళ్ళేటప్పుడు కారు తలుపులో ఇరుక్కుపోతే, మామయ్యే పరుగెత్తి రెక్కలు మడిచి లోపల కూర్చోబెట్టాడు.

గడియారంగారు కిటికీలోంచి గొంతు తగ్గించి అన్నారు. "ఆ కుడిపక్కావిణ్ణి నేను ఏదో కోపంలో అన్నానని చెప్పండి. మనసులో పెట్టుకోవద్దనండి."

"మీరే చెప్పండి సార్. ఇప్పుడే వచ్చింది, మీ పక్కనే ఉంది" అన్నాడు మామయ్య.

గడియారంగారు పక్క సీటు మీదున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.