సేనాధిపతి దగ్గు

పూతలపట్టు కూడలిలో ఆదిమూలాన్ని మించిన సోమరి లేడు. కుర్రతనంలో చంద్రగిరి కోటలో తీసిన యుద్ధం టాకీలో తను సేనాధిపతి వేషం కట్టాడట. సినిమాకు మాటలొచ్చిన కొత్త, ఎవరి గొంతు వాళ్లదే, కాబట్టి కంచు గొంతని తనను ఏరుకున్నారట. మాటలు కోటలు దాటేవి, కాళ్లు మాత్రం టీకొట్టు దాటేవి కావు. కత్తి పట్టిన చేత్తో గంప పట్టడం నామోషీ అని నలభై ఏళ్లు అక్కడి బల్ల అరగదీశాడు. ఉడకబెట్టిన శెనక్కాయల గంప నెత్తిన పెట్టుకుని బస్సు బస్సుకూ పరిగెత్తింది ఆయన భార్య శకుంతలమ్మ. మోకాళ్లు అరిగినా పరిగెత్తింది. సేనాధిపతి పెళ్లాన్నన్న గర్వం ఒక్కటే ఆమెకు మిగిలిన ఆస్తి. ఆ సినిమా ఆమె ఎన్నడూ చూడలేదు.

డెబ్బై ఎనిమిదిలో మా టూరింగ్ టాకీసుకు ఆ పాత రీలు వచ్చింది. సరిగ్గా ఆ రోజే ఆదిమూలానికి నడుం పట్టేసింది. శకుంతలమ్మ వదల్లేదు. పెళ్లినాటి చీర కట్టుకుని, ఆయన్ని మొదటాటకు లాక్కొచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. ఊరంతా నేల టిక్కెట్టులో ఉంది. నేనూ ఉన్నాను, నవ్వడానికే వెళ్లాను.

తెర మీదికి సేనాధిపతి వచ్చాడు. ఎవరో ఆరడుగుల మనిషి. అదంతా మేకప్పు మహిమ అన్నాడు ఆదిమూలం. పాపం, ఆమె నమ్మింది కూడా. చివరికి యుద్ధం ముగిసి, రాణి శవాల మధ్య కూలబడి మౌనంగా కన్నీళ్లు పెట్టుకుంది. డేరాలో చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. అప్పుడు బోర్లా పడున్న ఒక శవం దగ్గింది. రెండు పొడి దగ్గులు, చివర సన్నగా ఒక ఈల. ఆదిమూలం చిన్ననాటి ఉబ్బసం అది. రోజూ తెల్లారి మా వీధిని నిద్రలేపేది ఆ దగ్గే.

జనం విరగబడి నవ్వారు. శకుంతలమ్మ నవ్వలేదు. లేచి నిలబడి మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"నలభై ఏండ్లు నిన్ను మోసినానయ్యా. సచ్చినోడి మాదిరి పండుకోమంటే, అదీ చేతగాలేదా నీకు?"

మర్నాడు పొద్దున గంప తెచ్చి టీకొట్టు బల్ల మీద, ఆయన పక్కన పెట్టి నిలబడింది. తిరుపతి బస్సు వచ్చింది. మేమంతా చూస్తున్నాం. ఆదిమూలం గంపెత్తుకుని, దగ్గుకుంటూ బస్సు వెంట పరిగెత్తాడు.

ఆమె నా వైపు తిరిగి, జరుగప్పా అంటూ ఆ ఖాళీలో కూర్చుంది. ఇన్నేళ్లుగా ఆ బల్ల మీదే ఉన్న నేను, ఆమె అక్కడ కూర్చోగా చూడడం అదే మొదలు.