ఐదు మెట్ల మనిషి

చెప్పబోయే సంగతి ఎంత తీవ్రమైనదో ముందు ప్రకటించి, ఆ తర్వాతే సంగతి చెప్పే మనిషి ఆయన. అందుకు ఆయన దగ్గర ఐదు మెట్లున్నాయి. ఎవరికీ పట్టని చిల్లర సంగతైతే డీబగ్. ఊరికే తెలిసి ఉంటే మంచిదనుకుంటే ఇన్ఫో. కాస్త చూసుకోవలసిందైతే వార్నింగ్. నిజంగానే చెడిపోయిందైతే ఎర్రర్. ఇక కొంప మునిగిందంటే ఫేటల్. కంప్యూటరు ప్రోగ్రాములు తాము చేస్తున్న పని గురించి చిట్టా రాసుకునేటప్పుడు ప్రతి వాక్యానికీ ఇలా ఒక మెట్టు తగిలిస్తాయి. ఆ చిట్టా రాసిపెట్టే లైబ్రరీ, అంటే ఆఫీసులో ప్రోగ్రాములన్నీ వాడుకునే ఉమ్మడి కోడు, ఆయన రాసిందే. రాసి ఊరుకోకుండా దాన్ని నాలుక్కి కూడా అంటించుకున్నాడు. అందుకే ఆఫీసంతా ఆయన్ని మెట్లాయన అంటుంది.

"ఇన్ఫో. నేను టీకి వెళ్తున్నాను" అని లేస్తాడు. తిరిగొచ్చి, "డీబగ్. చెంచా కిందపడింది, తీశాను" అంటాడు. ఒకసారి మేనేజరు మీటింగు గదిలో కుర్చీలో కూలబడబోతుంటే గట్టిగా "వార్నింగ్!" అన్నాడు. మేనేజరు సగం వంగి ఆగిపోయాడు.

"ఏమైందండీ?"

"ఆ కుర్చీ ఎడమ కాలు వదులైంది."

"వార్నింగేగా, ఎర్రర్ కాదుగా" అని మేనేజరు నవ్వుతూ కూర్చున్నాడు. మరుక్షణం నేలమీద ఉన్నాడు. మెట్లాయన ఆయనకి చెయ్యందిస్తూ, "ఇప్పుడు ఎర్రరండీ" అన్నాడు వినయంగా.

ఫేటల్ అనే మాట ఆయన నోట ఎవరూ విన్లేదు. ఓ వర్షాకాలం పైకప్పు పెచ్చు ఊడి ఆయన బల్ల మీదే పడి, కంప్యూటరు పచ్చడి పచ్చడైంది. అందరూ పరిగెత్తుకొచ్చారు. ఆయన భుజాల మీద సున్నం దులుపుకుంటూ "ఎర్రర్" అన్నాడు.

"దీనిక్కూడా ఫేటల్ అనరేమిటండీ బాబూ!"

"ఎవరికీ దెబ్బ తగల్లేదు కదండీ."

అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. పక్క బల్ల దగ్గర కూర్చునే రిపోర్టులమ్మ మాత్రం నవ్వలేదు.

ఆవిడ రిపోర్టులు రాస్తుంది కాబట్టి ఆ పేరొచ్చింది. వీళ్ళ సాఫ్ట్‌వేరు పని ఆసుపత్రుల బ్లడ్ బ్యాంకుల్లో ఫ్రిజ్‌లను కనిపెట్టుకుని ఉండడం. ఏ ఫ్రిజ్ ఎంత చల్లగా ఉంది, ఏ రక్తం సంచీ ఎప్పుడొచ్చింది, ఏది ముందు వాడాలి, ఇవన్నీ చక్కగా పేర్చి రోజూ చూపించేది ఆవిడ రాసిన కోడే. నలభై వేల లైన్లు. ఇద్దరూ ఆరేళ్ళ క్రితం ఒకే వారంలో చేరారు. ఆరేళ్ళుగా ఆవిడకి ఆయన్ని చూస్తే ఒళ్ళు మండని రోజు లేదు.

మండదూ మరి? ఆసుపత్రి నుంచి ఎవరొచ్చినా "మెట్లాయన ఉన్నారా?" అనే అడుగుతారు. లిఫ్టు నడిపే ముసలాయన కూడా "డీబగ్, రెండో అంతస్తు" అని ఆయన్ని మురిపించి, ఆవిడకి మాత్రం ఒట్టి రెండో అంతస్తు చూపిస్తాడు. ఆఫీసు వార్షికోత్సవానికి మొగుడినీ కూతుర్నీ తీసుకెళ్ళడం ఆవిడ చేసిన పెద్ద పొరపాటు. మర్నాటి నుంచి ఇంట్లో కూడా ఆయనే.

"వార్నింగ్. కూరలో ఉప్పెక్కువైంది" అన్నాడు మొగుడు.

"ఎర్రర్ నాన్నా! నాకు అస్సలు దిగట్లేదు" అంది పదేళ్ళ కూతురు.

"ఈ ఇంట్లో ఇంకోసారి ఆ మాటలు వినపడ్డాయంటే రేపట్నుంచి మీరే వండుకోండి" అందావిడ. తండ్రీకూతుళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, లోపల్లోపలే ఏదో మెట్టు పలుక్కున్నారు.

ఆ ఏడాది ఉత్తమ పనితనానికి ఇచ్చే ఇత్తడి కప్పు కూడా ఆయనకే వచ్చింది. ఆవిడ చప్పట్లు కొట్టింది. బల్ల దగ్గరికి రాగానే ఆయన లైబ్రరీ తెరిచి లైన్లు లెక్కపెట్టింది. మూడువందల పన్నెండు! మూడువందల పన్నెండు లైన్లకి కప్పు, నలభై వేల లైన్లకి చప్పట్లు కొట్టే ఉద్యోగం!

అప్పుడు బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. తన కోడు "రిపోర్టు సిద్ధం" అని రోజూ వందసార్లు చెబుతుంది. కానీ ఇన్ఫో మెట్టు మీద నుంచి చెబుతుంది. అది చిట్టాలో పడి ఉంటుంది, పలకరించే నాథుడుండడు. అదే ఎర్రర్ మెట్టు మీద నుంచి చెబితే బ్లడ్ బ్యాంకులో ఫోను గణగణా మోగుతుంది. సోమవారం పొద్దున్నే ఆవిడ తన సందేశాలన్నిటినీ ఎర్రర్ మెట్టెక్కించింది.

పదింటికల్లా మొదటి ఫోను వచ్చింది. పక్క వీధి ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు టెక్నీషియనమ్మ. మెట్లాయన కోసం కాదు, సాక్షాత్తూ రిపోర్టులమ్మ కోసం!

"మీ రిపోర్టుకి ఏమైందండీ?"

"ఏమీ కాలేదండీ. సిద్ధమైంది."

"మరి ఫోనెందుకు మోగింది?"

"సిద్ధమైంది కాబట్టి."

"బాగుందా అండీ రిపోర్టు?" అని ఈవిడే ఆశగా అడిగింది. అవతల ఫోను పెట్టేశారు. అయినా సాయంత్రానికి పదకొండు ఫోన్లొచ్చాయి. ఆరేళ్ళలో అంతమంది తన కోసం అడగడం అదే మొదటిసారి. ఆవిడ ఆ పూట ఇంటికి పాడుకుంటూ వెళ్ళింది.

మెట్లాయన కనిపెట్టకుండా ఉంటాడా? మంగళవారం కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, "వార్నింగ్. మీ రిపోర్టులు ఎర్రర్ మెట్టెక్కి కూర్చున్నాయి. అక్కడ ఉత్తుత్తి కేకలెక్కువైతే అసలు కేక వినపడదండీ" అన్నాడు.

"నా రిపోర్టులు, నా ఇష్టం. మెట్లన్నీ మీ సొత్తేనా?"

"సాయంత్రంలోగా దింపేస్తే..."

"చూస్తాలెండి."

చూడలేదు. ఆయన మేనేజరుకీ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి టీకి లేవడం మానేసి, ఫ్రిజ్‌ల అంకెలు తెర మీద పెట్టుకుని కళ్ళప్పగించి కూర్చున్నాడు. అది చూసి ఆవిడకి ఇంకా మండింది. కప్పు వచ్చిన మనిషికి ఇంకా ఈ నటన దేనికి?

గురువారం మధ్యాహ్నం మెట్లాయన కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు.

"ఎర్రర్! పక్క వీధి ఆసుపత్రిలో మూడో ఫ్రిజ్ వేడెక్కుతోంది. ఆరు డిగ్రీలు దాటకూడదు, ఇప్పుడు ఏడు!" అంటూనే ఫోను కలిపాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కలిపాడు. మళ్ళీ అంతే.

ఎందుకు ఎత్తడం లేదో ఆవిడకి చప్పున తట్టింది. మారుమాట్లాడకుండా స్కూటరు తాళాలు తీసింది. "ఎక్కండి!"

ఆయన వెనక కూర్చున్నాడు. "వార్నింగ్. ఎడమ పక్క గుంట. ఇన్ఫో. పచ్చ లైటు పడింది. వార్నింగ్, వార్నింగ్, కుక్క!"

"కాస్త నోరు మూసుకుంటారా!"

"డీబగ్. మూసుకుంటున్నాను."

వెళ్ళేసరికి బ్లడ్ బ్యాంకులో టెక్నీషియనమ్మ తాపీగా చీటీలు అంటించుకుంటోంది. ఫోను కనపడలేదు. మూడో ఫ్రిజ్ తలుపు సందులో ఒక సంచీ మూల ఇరుక్కుని, తలుపు వేలెడు తెరుచుకుని ఉంది. ముగ్గురూ కలిసి సంచీ సర్ది తలుపు బిగించారు. టెక్నీషియనమ్మ సంచులు ఒక్కొక్కటీ పరీక్ష చేసింది. వేడెక్కింది ఫ్రిజ్‌లో గాలి. రక్తం ఇంకా ఐదు దగ్గరే ఉంది.

"అన్నీ బాగానే ఉన్నాయి" అని టెక్నీషియనమ్మ కుర్చీలో కూలబడి, బల్ల సొరుగు లాగింది. తువ్వాల్లో చుట్టిన ఫోను లోపల ఇంకా మోగుతోంది. "నాలుగు రోజుల్నుంచి రిపోర్టు సిద్ధం, రిపోర్టు సిద్ధం అని ప్రాణం తోడేస్తోందండీ. పిచ్చెత్తి ఇందులో పడేశాను. ఎవరండీ ఆ మహానుభావుడు?"

రిపోర్టులమ్మ నోరు తెరిచేలోపే మెట్లాయన అందుకున్నాడు. "ఎర్రర్. లోపం నా లైబ్రరీలోనే ఉంది. ఎవరు ఏ మెట్టు అడిగినా ఎందుకని అడక్కుండా ఎక్కించేస్తోంది. ఇవాళే సరిచేస్తాను."

ఆవిడకి తల తిరిగిపోయింది. చివరికి తన తప్పు కూడా ఈయనే కొట్టేస్తున్నాడా! "కాదండీ!" అంది గట్టిగా. "ఆ తప్పు నాది. అచ్చంగా నాదే. నన్నెవరూ పట్టించుకోవడం లేదని నేనే ఎక్కించాను. సాయంత్రంలోగా దింపేస్తాను. మీరు నన్నేమన్నా పడతాను."

టెక్నీషియనమ్మ ఇద్దరికీ మంచినీళ్ళిచ్చింది.

బయట వసారాలో బెంచీ మీద కూర్చున్నారు. ఆయన జేబులో ఫోను మోగింది. ఎత్తగానే, "ఇన్ఫో అక్కా. నేను బాగానే ఉన్నాను" అన్నాడు. అవతల ఒక పెద్ద నిట్టూర్పు రిపోర్టులమ్మకి కూడా వినపడింది. ఆయన ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా చెప్పాడు.

"మా బావకి ఓసారి యాక్సిడెంటయిందండీ. ఫోను చేసినాయన భోజనాలయ్యాయా, ఎండలెలా ఉన్నాయి అంటూ పది నిమిషాలు నీళ్ళు నమిలాడు. బావకి విరిగింది కాలొక్కటే. కానీ ఆ పది నిమిషాల్లో అక్క మనసులో బావని మూడుసార్లు చంపేసింది. అప్పట్నుంచీ ఫోను మోగితే గోడ పట్టుకుంటుంది. అందుకని ముందు మెట్టు చెప్పేయడం మొదలెట్టాను, ఎంత భయపడాలో ముందే తెలిసిపోతుందని. ఆ తర్వాత అదే అలవాటైపోయింది."

ఆవిడ బెంచీ మీద ఆయన వైపు కాస్త తిరిగి కూర్చుంది.

"మిమ్మల్నెవరూ పట్టించుకోలేదన్నారే, అది మాత్రం తప్పండీ. మీ చిట్టా రోజూ చదువుతాను, డీబగ్‌తో సహా. ఒకసారి అందులో రాశారు, 'ఇక్కడ సున్నా వస్తే ఏం చెయ్యాలో రేపు చూడాలి, ఇవాళ పాపకి జ్వరం' అని. మర్నాడు పాపకెలా ఉందని అడిగాను. మీరు నాకేసి ఉరిమి చూశారు."

ఆవిడకి గుర్తొచ్చింది. ఇంటి సంగతులు కూపీ లాగుతున్నాడనుకుని ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదు.

"ఒరేయ్, ఎవర్రా పక్కన?" అని ఫోనులోంచి కేక వినపడింది.

"రిపోర్టులు రాస్తారే, ఆవిడక్కా."

"ఆవిడేనా? ఇటివ్వు!"

రిపోర్టులమ్మ భయపడుతూనే ఫోను అందుకుంది. "నమస్కారమండీ."

"నమస్కారాలు తర్వాత. ఆరేళ్ళుగా మీ పేరెత్తితే నాకు ఒళ్ళుమంటగా ఉంది తల్లీ! నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. నా కుట్టు చూసి మా వాడు ఒక్కనాడు బాగుందన్న పాపాన పోలేదు. రోజూ ఇంటికొచ్చి మీ కోడు సంగతే. లోపలి కుట్టు కూడా బయటి కుట్టంత నీటుగా ఉంటుందట! అంత పని తన వల్ల కాదు కాబట్టే మూడొందల లైన్లతో సరిపెట్టుకున్నాడట! వచ్చిన ఆ ఇత్తడి కప్పు ఆవిడకి రావలసిందని అటక మీద పడేశాడు. ఇంతకీ ఏముందమ్మా మీ కుట్టులో?"

రిపోర్టులమ్మ మొహం విప్పారింది. తన మీద కూడా కుళ్ళుకునేవాళ్ళు ఈ లోకంలో ఉన్నారన్నమాట! స్కూటరు ఎండలోనే ఉంది, ఆఫీసులో దింపాల్సిన మెట్లు దింపకుండానే ఉన్నాయి, పక్కన మెట్లాయన కంగారుగా చేతులూపుతున్నాడు.

"వార్నింగ్. ఫోనులో చార్జి అయిపోతోందండీ."

"ఉండండి మీరు" అని ఆయన్ని కసిరి, ఆవిడ బెంచీ మీద బాసింపట్టు వేసుకుని సర్దుకు కూర్చుంది. "అక్కగారూ, ఇక్కడ గోలగా ఉండి సరిగ్గా వినపడలేదు. లోపలి కుట్టు గురించి ఏమన్నారో ఇంకోసారి చెప్పండి."