చిల్లుల కుండ

గిద్దలూరు బస్టాండులో టీవీ ఆడతా ఉంది. పాత ఇళ్ళను కొత్తగా సర్దే ప్రోగ్రాం. యాంకరమ్మ మట్టికుండకు చుట్టూ చిల్లులు పెట్టించి, లోపల బల్బు వెలిగించి, హాల్లో తాడుతో వేలాడదీసి, "చేత్తో చేసింది, ఎంత వింటేజ్‌గా ఉందో!" అని మురిసిపోతా ఉంది. ఆ ప్రోగ్రాం చూసే నేనూ ఒకటి కొని మా హాల్లో కట్టించినాను.

పక్కన కూర్చున్న ముసలాయన ఒళ్ళో తువ్వాల చుట్టిన కొత్తకుండ ఉంది. కుమ్మరాయన అనుకుని అడిగినాను.

"తాతా, నాకూ ఇంకోటి అట్ల చిల్లులు పెట్టి ఇస్తావా?"

ఆయన టీవీ వంక చూసి, నా వంక చూసినాడు.

"చిల్లులు మేం పెట్టమమ్మా. శ్మశానంలో పెడతారు, నీళ్ళకుండతో శవం చుట్టూ తిరిగేటప్పుడు. ఇంట్లో ఎవరన్నా కట్టుకుంటారా?"

"మరి ఇదెవరికి?"

"మా బిడ్డకు. బేస్తవారిపేట పక్క పల్లెలో ఇచ్చినాం. పొద్దున పోయింది. అక్కడ ఇప్పుడెవరూ కుండలు చెయ్యరంట, వచ్చేటప్పుడు కుండ తెమ్మని అల్లుడు ఫోన్ చేసినాడు."

బస్సు వచ్చింది. ఎట్లాగూ పగలాల్సిన కుండే. అయినా ఎవరూ తగలకుండా మోచేతులు అడ్డం పెట్టుకుని ఎక్కినాడు.

ఇంటికొచ్చి బల్బు తీసేసినాను. కుండ దించడానికి మాత్రం మా ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు. ఇప్పటికీ దాని కింద నడిచేటప్పుడు తలెత్తను.