మెరకెక్కే పిల్ల గదిలో ఎందుకు నడవదు?

మీ పిన్ని కూతురికి, అదే మీ చెల్లికి, పదహారు నెలలు నిండినా నడక రాలేదు. మీరు వీడియో కాల్ చేసినప్పుడల్లా అది కూర్చునే కనిపించేది. చెల్లి నిలబడదా అమ్మమ్మా అని మీరు అడిగితే నేను మాట మార్చేదాన్ని. పక్కనే మీ పిన్ని వింటూ ఉండేది మరి.

ఆసుపత్రిలో చూపించాం. డాక్టరమ్మ కాళ్లు వంచి చూసింది, తుంటి నొక్కి చూసింది, పిల్లని కాసేపు ఆడించింది. లోపమేమీ కనబడలేదంది. పద్దెనిమిది నెలలకీ నడవకపోతే మాత్రం మళ్లీ తీసుకురమ్మంది, విశాఖ పంపాలట. ఆ రోజు నుంచి మీ పిన్నికి తిండి సహించలేదు.

అది కాఫీ పళ్లు కోసే కాలం. మీ పిన్ని పిల్లని వీపుకి గుడ్డతో కట్టుకుని తోటకి పోయేది. మా అమ్మ నన్నూ, నేను మీ అమ్మనూ అలాగే మోశాం. మీ పిన్నికి వదిన వరసయ్యే పక్కింటావిడ ఒకనాడు ఊరుకోలేక అనేసింది.

"గుంటని నేల మీద దింపితే కదే నడిసేది? నీ ఈపుకి అతికించేసినావు."

నవ్వుతూ అన్న మాటే. మీ పిన్ని మాత్రం మర్నాడే ఆ గుడ్డ మడిచి పెట్టెలో పెట్టేసింది. కోతలు మానేసి, కొత్త గదిలో టైల్స్ మీద పిల్లని నిలబెట్టి, ఎదురుగా కూర్చుని రమ్మని చప్పట్లు కొట్టేది. పిల్ల ఒక అడుగు వేయబోయి చతికిలబడేది. తల్లి ముఖం చూసి ఏడ్చేది. నాలుగు రోజులకి ఆ గదిలోకి తెస్తుంటేనే తల్లి మెడ పట్టుకుని వేలాడటం మొదలుపెట్టింది.

నాకు వింతగా తోచినది ఒకటుంది. మధ్యాహ్నం ఎండలో దాన్ని పెరట్లోకి తీసుకుపోయేదాన్ని. మన పెరడు మీకు తెలుసు కదా, ఇంటి గోడ దాటితే కొండ వాలే. అక్కడ అది మట్టిలో చేతులు ఆనించి, మెల్లగా లేచి, చేతులు వదిలేసి మూడు నాలుగు అడుగులు మెరకెక్కేది. అంత కష్టమైన చోట నిలబడే పిల్ల, చదును నేల మీద ఎందుకు పడుతోంది? మీ పిన్నికి చెబితే అది పాకడమే గానీ నడక కాదంది.

ఎవరూ చూడకుండా నేనూ ఆ మెరక మీద దానిలా వంగి చూశాను. ఎక్కేటప్పుడు నేల మనకి దగ్గరగా ఉంటుంది. పడినా ఎంతో దూరం పడం. అదే దాని ధైర్యమేమో అనుకున్నాను. కానీ సగమే తెలిసినట్టుంది.

చలి మొదలైనప్పుడే మీ పిన్ని సంతలో పిల్లకి ఊలు సాక్సులు కొంది, నాకూ ఒక జత తెచ్చింది. ఒక పొద్దున టైల్స్ మరీ జిల్లుమంటుంటే తీసి వేసుకున్నాను. రెండడుగులు నేను వేశాను, మూడోది దానంతటదే పోయింది. గోడ పట్టుకుని ఆగాను. అప్పుడు పిల్ల కాళ్ల వైపు చూశాను. పెరట్లో ఎండ కనుక సాక్సులు విప్పేసేదాన్ని. గదిలో ఉన్నంతసేపూ అవి దాని కాళ్లకే ఉండేవి.

నిజమో కాదో తేల్చుకుందామని ఈ గోడ నుంచి ఆ గోడకి జారుతూ పోతుంటే మీ పిన్ని వచ్చింది.

"ఏటి సేత్తన్నావమ్మా? నడుం ఇరగ్గొట్టుకుంటావా?"

"నువ్వూ ఏసుకుని నడిసి సూడు."

వేసుకుంది. నాలుగో అడుగుకి తలుపు రెక్క పట్టుకుంది. తర్వాత పిల్ల ముందు కూర్చుని ఒక్కొక్క సాక్సూ లాగింది.

"సలికి దగ్గొత్తాదని ఏసినానమ్మా."

"దగ్గు రాలేదు కదా," అన్నాను.

గదిలో గోనెపట్టాలు పరిచాం. అయినా ఆ గది అంటే పిల్లకి బెదురు పోలేదు. సాక్సులు విప్పినంత తేలిగ్గా భయం విప్పలేం కదా. ఎదురుగా కూర్చుని పిలవొద్దని, నీ పని నువ్వు చేసుకోమని మీ పిన్నికి చెప్పాను. మళ్లీ వీపుకి కట్టుకోమన్నాను. తోటకి పోయి వచ్చాక ఆ గదిలోనే వంట సామాను బాగు చేసుకునేది. పిల్ల గోడవార కూర్చుని తన కాలివేళ్లతో గోనె పీకుతూ ఉండేది. పదిరోజులు అంతే.

ఒక సాయంత్రం మీ పిన్ని చోళ్లు, మీరు రాగులంటారే అవి, చెరుగుతోంది. గింజల కోసం కోడిపెట్ట ఒకటి గుమ్మం దాటి లోపలికొచ్చింది. దాన్ని చూసి పిల్ల గోడ పట్టుకుని లేచింది. గోడ వదిలేసింది. ఒకటి, రెండు, మూడు అడుగులు. అక్కడ కూలబడింది.

తల్లి ముఖం వైపు చూసింది. మీ పిన్ని తల ఎత్తలేదు, చేట ఆపలేదు. కానీ చోళ్లు సగం చేట దాటి నేల మీదే రాలుతున్నాయి. కోడి ఇంకా దగ్గరికొచ్చింది. పిల్ల రెండు చేతులూ ఆనించి, మెరక మీద లేచినట్టే లేచి, దాని వెంట బయలుదేరింది.