రామ్ రామ్‌కు బదులు

ఉట్నూరు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న గోండు మనిషి ఒళ్లో దవాఖానా మందుల సంచి ఉంది. కూర్చోగానే రెండు చేతులూ జోడించి "రామ్ రామ్" అన్నాడు. నేనూ అన్నాను. అతని మొహం విప్పారింది.

"దిమాక్ ఖరాబై దవాఖానల ఉన్న సార్. గిప్పుడు మంచిగున్న, ఇంటికి పోతున్న. మా గూడెంల ఎవరెదురైనా రామ్ రామ్ అంటరు. దుష్మన్‌కు సుత అంటరు. నాకు పానం బాగలేనప్పుడు బంద్ జేసిండ్రు."

"ఇప్పుడంటారులే," అన్నాను.

"ఏమో. నేనైతే అంట."

అతను దిగాల్సిన చోట షెల్టర్ కింద కొందరు కూర్చుని ఉన్నారు. "గాళ్లు మావోళ్లే," అంటూ లేచాడు. దిగి, సంచి నేలమీద పెట్టి, చేతులు జోడించి గట్టిగా "రామ్ రామ్" అన్నాడు. బదులు వినపడకముందే బస్సు కదిలింది.

ఇప్పుడు కరీంనగర్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరెక్కినా నేనే ముందు పలకరిస్తాను. చాలామంది ఫోన్‌లోంచి తలెత్తరు.

ఆ రోజు బస్సు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. అతను జోడించిన చేతులు దించలేదు.