నా ఫోను కోర్టులో నోరు విప్పిన రోజు

ఎడిటరుగారూ, మీ పేపర్లో ఈ పేజీకి నేను ఇంతకుముందు పంపినవి ఏవీ మీరు వేయలేదు. నేను మరిచిపోలేదు. ఇదైనా వేయండి.

మాది కర్ణాటకలో చింతామణి దగ్గర పల్లె. మా పొలానికి పోయే బండిదారికి పక్క పొలం నారాయణప్ప అడ్డంగా కంచె వేశాడు. టమాటాలు నెత్తిన మోసి మోసి విసిగి కోర్టుకెక్కాను. కేసు వేసిన కొత్తలో అతడే, "దారి నీదే, ఎవురు కాదన్న్యారప్పా?" అని వాట్సాప్‌లో వాయిస్ పంపాడు. కోర్టుకొచ్చాక మాత్రం ఆ గొంతు తనది కాదన్నాడు.

"మనకు పనికొచ్చే ముక్క ఒకటే ఇస్తే చాలదప్పా. మీ ఇద్దరి మాటలన్నీ, ఇవి ఈ ఫోనులోవేనని సర్టిఫికెట్‌తో ఇయ్యాల, ఫోను కూడా తేవాల," అన్నాడు మా వకీలు.

విచారణ రోజు జడ్జిగారి ముందు నా ఫోనులోంచి ఆ వాయిస్ వినిపించారు. అది అయిపోగానే, ఎవరూ ఆపేలోపే, దాని కిందున్న నా వాయిస్ జవాబు తనంతట తానే మొదలైంది.

"ఆ మాట కోర్టులో చెప్పు నారాయణప్పా. మా వకీలుండాడే, నిలబడుకునే నిద్రపోతాండాడు!"

కోర్టంతా ఒకటే నవ్వు. నాకు బల్ల కింద దూరాలనిపించింది. అందరికంటే గట్టిగా నవ్విన నారాయణప్ప ఉండబట్టలేక లేచాడు.

"అవును స్వామీ! దారి నీదే అని నేనంటే, ఈయప్ప నాకు ఇట్లే జవాబిచ్చినాడు!"

నవ్వులు ఆగిపోయాయి. అతని వకీలు తల పట్టుకున్నాడు. మా వకీలు ఎగిరి లేచి, "ఆ మాట రాయించండి స్వామీ!" అన్నాడు.

కంచె పోయింది, బండి తిరుగుతోంది. నేనన్న మాట వల్లే గెలిచామని ఇప్పటికీ అంటాను. మా వకీలు మాత్రం ఆనాటి నుంచి నా ఫోను ఎత్తడం లేదు. వకీలుగారూ, మెలకువగానే ఉన్నారు కదా? ఒక్కసారి ఎత్తి హలో అనండి!